పైలట్ స్పోర్ట్ 4: వాన కోసమే ఎంచుకున్నాను

నా ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ కారుకి మిచెలిన్ పైలట్ స్పోర్ట్ 4 టైర్లు వేయించి 14,000 కిలోమీటర్లు తిరిగాను. నాలుగూ 225/45 జడ్‌ఆర్ 17, 94వై: వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 45 శాతం, రిమ్ము 17 అంగుళాలు; చివరిది మోయగల బరువు, వేగాల కోడ్.

అంతకుముందున్నవి ఏ కంపెనీవో చెప్పను. చాలాకాలం మన్నుతాయన్న ఒక్క మాట పట్టుకుని వేయించుకున్నాను. మన్నాయి కూడా. కానీ అరగనంత గట్టి రబ్బరు రోడ్డునూ పట్టుకోలేదు. ఒక వాన రాత్రి రౌండ్‌అబౌట్‌లో స్టీరింగ్ తిప్పితే బండి తిరగలేదు. చేతిలో స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోయి, ముక్కు నేరుగా జారింది. వేగం 50 కూడా లేదు. పక్కన కూర్చున్న నాన్న ఏమీ అనలేదు, పైన పట్టీ పట్టుకున్నారు. ఇల్లు చేరేదాకా వదల్లేదు.

అందుకే ఈసారి తడి రోడ్డు మీద పట్టు ఎలా ఉంటుందన్నదే మొదట చూశాను. వేడెక్కితేగానీ పట్టురాని ట్రాక్ టైర్లు రోజూ తిరిగే బండికి ఎందుకు? సైజు కూడా మార్చలేదు. 18 అంగుళాల రిమ్ములు వేసుకోమని దుకాణంలో గట్టిగానే చెప్పారు. చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కానీ 225/45 టైరుకు సైడ్‌వాల్, అంటే పక్కగోడ, ఎత్తు దాదాపు 101 మిల్లీమీటర్లు. 18కి వెళ్లి 225/40 వేస్తే 90కి పడిపోతుంది. గుంతలో పడినప్పుడు రిమ్మును కాపాడేది ఆ ఎత్తే.

ముందు రెండూ మారిస్తే చాలన్నారు. దానికీ ఒప్పుకోలేదు. ముందు కొత్తవీ వెనక పాతవీ ఉంటే తడి మలుపులో ముందు చక్రాలు నిలుస్తాయి, వెనక భాగం జారి పక్కకొస్తుంది. ముక్కు జారితే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి సర్దుకోవచ్చు; వెనక జారితే చాలామందికి అంత సమయం దొరకదు. డబ్బు రెండింటికే ఉంటే కొత్తవి వెనకే వేయించండి, ముందు చక్రాలతో నడిచే బండి అయినా సరే.

బిగించే ముందు పక్కగోడ మీద డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే తయారీ కోడ్‌లో చివరి నాలుగంకెలు చదివాను. 1423 అని ఉంటే 2023లో 14వ వారం తయారైందని అర్థం. మొదట తెచ్చిన జతలో ఒకటి మూడేళ్ల పాతది. వెనక్కి పంపించాను. ఈ టైరుకు లోపలి వైపు, బయటి వైపు వేరు. ‘అవుట్‌సైడ్’ అన్న రాత నాలుగింటికీ బయటికే ఉందా అని చుట్టూ తిరిగి చూసుకున్నాను.

కొత్త టైర్ల పైపొర జారుడుగా ఉంటుంది కాబట్టి మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మెల్లగానే నడిపాను. ఆ తర్వాత తెలిసింది తేడా. స్టీరింగ్ కొద్దిగా తిప్పగానే బండి ముక్కు వెంటనే వస్తుంది. పట్టు అంచుకు చేరితే ఒక్కసారిగా వదిలేయకుండా, స్టీరింగ్‌లో బరువు కొంచెం కొంచెంగా తగ్గుతూ చేతికి చెబుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. నడిపేవాడికి కబురు ముందే అందాలి. అదే రౌండ్‌అబౌట్, అలాంటి వానే మళ్లీ తగిలాయి. బండి గీత గీసినట్టు తిరిగింది. నాన్న ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నారు.

గాలి మాత్రం టైర్లు చల్లగా ఉన్నప్పుడే, తలుపు దగ్గర స్టిక్కరు మీదున్న లెక్క ప్రకారం పట్టించండి. నడిపి వేడెక్కాక ఎక్కువ చూపిస్తుంది. అది చూసి తగ్గిస్తే మర్నాటికి తక్కువైపోతుంది. ఇంకొకటి, ఇది వేసవి టైరు. 7 డిగ్రీల కంటే చలి ఉండే చోట రబ్బరు బిగుసుకుంటుంది, అక్కడ చలికాలానికి వేరే జత కావాలి.

ఈ రకం మెత్తటి రబ్బరు గట్టిదానిలా మన్నదు. తెలిసే కొన్నాను. మొన్న కొలిస్తే ముందువాటిలో గాడుల లోతు 5 మిల్లీమీటర్లుంది, వెనకవాటిలో 6. అరుగుడు గుర్తులు 1.6 దగ్గర ఉంటాయి. నేను అక్కడిదాకా ఆగను, 3కి రాగానే నాలుగూ మార్చేస్తాను. నీళ్లను బయటికి తోసేవి ఆ గాడులే.