పరిచర్యల మధ్య గూగుల్ క్యాలెండర్: ఐదుకు నాలుగు

మా సంఘంలో (చర్చిలో) సండే స్కూల్ చూసుకునేది నేను. మేం వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ తరగతులు) పాటల ప్రాక్టీసు పెట్టుకున్న సాయంత్రమే యూత్ వాళ్లు సౌండ్ సిస్టమ్ తీసుకెళ్లిపోవడం, ఉపవాస ప్రార్థన రోజే క్వైర్ రిహార్సల్ పడటం మామూలే. అందరిదీ దేవుని పనే, కానీ ఒకరి పని ఒకరికి తెలియదు! అందుకే గూగుల్ క్యాలెండర్ మొదలుపెట్టాం.

ఒక్కో పరిచర్యకు, అంటే సండే స్కూల్, యూత్, క్వైర్ లాంటి ఒక్కో సేవా విభాగానికి, ఒక్కో క్యాలెండర్. మార్చే అనుమతి ఆ నాయకులకే, మిగతావాళ్లు చూడగలరు. ఉచిత ఖాతాలో గదుల బుకింగ్ ఉండదు కాబట్టి ‘హాలు’, ‘సౌండ్’ అని కూడా విడిగా పెట్టాం. ఎక్కువ పనికొచ్చినవి ఈ రెండే. హాలు ఖాళీ లేదని కనిపించగానే స్త్రీల సమాజం అక్కయ్యకు ఫోన్ చేస్తాను. అలా మాట్లాడుకునే, వాళ్ల కూడికలప్పుడు పిల్లలను మా టీచర్లు చూసుకోవడం, మా వీబీఎస్‌కు వంట వాళ్లు చేయడం మొదలైంది.

రెండు కార్యక్రమాలు ఒకే వేళకు పడితే మాత్రం ఇది ఆపదు. ఎవరు సర్దుకోవాలో మనుషులే తేల్చుకోవాలి, అక్కడ పాస్టర్‌గారు కావాల్సిందే. మా పెద్దల్లో ఒకాయన ఇంకా నోట్‌బుక్కే వాడతారు. ఆయనవి ఒక యూత్ అబ్బాయి ఎక్కిస్తాడు.

ఒకటి రెండు పరిచర్యలే ఉంటే వాట్సాప్ గ్రూపు చాలు.