నల్గొండ, దేవరకొండ లైన్ డిస్ట్రిబ్యూటర్లు డిపాజిట్ కట్టేముందు ఇది చదవండి

నిన్న రాత్రి పదకొండింటికి హైదరాబాద్ కాటేదాన్‌లోని కంపెనీ నుంచి తిరిగొచ్చాను. ఇంకా కోపం దిగలేదు, తిండి సహించడం లేదు. ఆ కోపంలోనే రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

కంపెనీ పేరు రాయను, వకీలు వద్దన్నాడు. మిక్చర్, బూందీ, చెగోడీలు, ఐదు రూపాయల లడీలు (షాపుల్లో వేలాడదీసే ప్యాకెట్ల దండలు), "ఏరియా మొత్తం నీదే అన్నా" అనే డైలాగు. లైన్లో తిరిగేవాళ్లకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

మూడేళ్లు చేశాను వాళ్లకి. లక్ష డిపాజిట్. నల్గొండ, హాలియా, నాంపల్లి, కొండమల్లేపల్లి, దేవరకొండ, అంతా కలిపి 340 కిరాణాలు. సగం షాపుల్లో ఆ సరుకు పేరు కూడా వినలేదు మొదట్లో. శాంపిల్ ప్యాకెట్లు నా జేబు డబ్బులతో పంచి, బాకీలు పెట్టి, లైన్ నిలబెట్టింది నేను. సరే, ఆ సోది వద్దు.

అసలు సంగతి 2025 సెప్టెంబరుది. 3వ తేదీన జీఎస్టీ కౌన్సిల్ మిక్చర్, నమ్కీన్ లాంటి వాటి మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గించింది, 22 నుంచి అమలు అని. ఆ వార్త వచ్చిన వారానికే వాళ్ల మేనేజర్ ఫోన్. "అన్నా, దసరా లోడ్ ఎత్తు. పైసలు ముందే ఏస్తే నాలుగు శాతం ఎక్కువ ఇస్తం. 22 తర్వాత రేటు తేడా ఎంతొస్తే అంత క్రెడిట్ నోట్ కొట్టిస్త, నాది పూచీ." వాయిస్ మెసేజ్ కూడా పెట్టాడు. ఆ మెసేజ్‌ని ఇప్పుడు పటం కట్టించి గోదాంలో వేలాడదీసుకోవాలి.

3,50,000 సరుకు, 42,000 పన్ను, మొత్తం 3,92,000. చిట్టీ పాడి మరీ కట్టాను. పన్నెండు శాతమైతే ఏంది, కట్టిన పన్ను ఇన్‌పుట్‌లో, అంటే నేను అమ్మి కట్టాల్సిన పన్నులో తగ్గింపుగా, ఎలాగూ వస్తుంది కదా అనుకున్నా. నాలుగు శాతం అంటే 14,000. ఆ పద్నాలుగు వేల కోసం పది రోజులు ఆగలేకపోయాను. మా ఆవిడ అడిగింది, "ఇంకో పది రోజులకు రేటు తగ్గుతదని టీవీల చెప్తున్నరు కదా, ఇప్పుడెందుకు?" అని. నీకు వ్యాపారం తెలుసా అన్నాను. ఇప్పుడు తను ఏమీ అనట్లేదు, అదే ఎక్కువ బాధ.

22 తర్వాత ఏ షాపుకెళ్లినా ఒకటే మాట, "కొత్త రేటు ఏదీ?" పెద్ద కంపెనీల పది రూపాయల ప్యాకెట్లలో గ్రాములు పెరిగాయి. నా దగ్గర పాత గ్రాములు, పాత రేటు. పాత సరుకు మీద కొత్త రేటు స్టిక్కర్ వేసుకోవచ్చని కేంద్రం చెప్పింది. స్టిక్కర్లు పంపిస్తామన్నారు వీళ్లు. ఇంకా వస్తూనే ఉన్నాయి, దారిలో ఎక్కడో.

అంతటితో పోతే బాగుండు. దసరా పోయాక గోదాంలో లోపలి వరస కాటన్లు తీస్తే ప్యాకింగ్ జులై. పైన, ముందు వరసలో ఉన్నవన్నీ సెప్టెంబరు, లోపల పేర్చినవన్నీ జులై. ఆ సరుకు గడువు నాలుగు నెలలు. అంటే నా దగ్గరికి వచ్చేటప్పటికే సగం ఆయుష్షు అయిపోయింది. దించుకున్న రోజు నాలుగు కాటన్లు పైనుంచి చూసి సంతకం పెట్టింది ఎవరు? నేనే. హమాలీలకు టైమైతుందని తొందర.

118 కాటన్లకు నవంబరులో డేటు అయిపోయింది. 1,31,000 సరుకు. మూడేళ్లుగా ఎక్స్‌పైరీ వాపసు తీసుకునేవాళ్లు, అందుకే నిన్న టాటా ఏస్ మాట్లాడుకుని అన్నీ వేసుకుపోయాను.

పొద్దున పదకొండింటికి గేటు దగ్గరికి చేరితే వాచ్‌మన్ ఆపాడు. మూడేళ్లలో ఎప్పుడూ ఆపలేదు. మూడింటి దాకా బయటే. ఆలోపు లోపల ఒక బొలెరో లోడవుతోంది, టీజీ 05 నంబరు. మన జిల్లా బండి. ఎవరో కుర్రాడు, ముప్పై కూడా ఉండవు, ఆఫీసు అరుగు మీద చాయ్ తాగుతున్నాడు. నాకు అప్పటికీ అర్థం కాలేదు చూడండి. సూర్యాపేట వాళ్లు కాబోలు అనుకున్నా. సూర్యాపేటది 29 కదా, అది కూడా తట్టలేదు.

మూడింటికి లోపలికి పిలిచారు. ఓనర్ ఫోన్ చూసుకుంటూ తల ఎత్తకుండా అడిగాడు, "ఏ లైన్?"

ఏ లైన్! నిరుడు మా అమ్మాయి పెళ్లికి వచ్చి, మటన్ బాగుందని రెండోసారి వడ్డించుకున్న మనిషి. "నల్గొండ అన్న వచ్చిండు, చాయ్ తెండిరా" అని నేను గుమ్మంలో ఉండగానే అరిచే మనిషి. కుర్చీ చూపించలేదు. నిలబడే చెప్పాను. వాయిస్ మెసేజ్ వినిపించాను. సగం విన్నాడు. "వాడు మానేసి నెలయింది. వాని మాట వాన్నే అడుగు. ఎక్స్‌పైరీ తీస్కుంటమని అగ్రిమెంట్ల ఉందా?"

అగ్రిమెంట్ ఎక్కడిది? డిపాజిట్‌కే చిన్న స్లిప్పు ఇచ్చారు. మనిషిని చూసి చేశాను వ్యాపారం.

అప్పుడన్నాడు ఈ మాట, నవ్వుతూ: "ఇంత దూరం కిరాయి పెట్టి ఎందుకు తెచ్చినవ్? దేవరకొండ దిక్కు తండాలు లేవా? ఆడ తోలెయ్. డేటు ఎవరు చూస్తరు?"

పైసలు పోతే పోయాయి అనుకునే గుణం ఉంది నాకు, చాలాసార్లు పోగొట్టుకున్నాను. ఈ మాట మాత్రం మింగుడు పడటం లేదు. చందంపేట దిక్కు ఒక తండాలో ఒక అక్క షాపు ఉంది. ఆమెకు చదువు రాదు. ఆమె కొడుకు ఆరో తరగతి. నేను లడీ తీస్తే ఆ బుడ్డోడు ప్యాకెట్ తిప్పి డేటు చదివి, వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి, ఊ అంటేనే ఆమె మేకుకు తగిలిస్తుంది. డేటు ఎవరు చూస్తరంట! నేనే వాడిలా చూసి ఉంటే ఈ పోస్టు రాసే పనే లేదు.

ఆ బుడ్డోడి సంగతి ఆ ఓనర్ మొహం మీద చెప్పాల్సింది. పంతంగి టోల్ దగ్గర గుర్తొచ్చింది, ఏం లాభం? ఆఫీసులో నేనన్నది ఏంటో తెలుసా? "సరే సార్, ఇంకోసారి ఆలోచించండి." సార్ అన్నాను. నాకంటే పదిహేనేళ్లు చిన్న.

118 కాటన్లూ మళ్లీ నల్గొండ వచ్చాయి. రానుపోను కిరాయి 6,500. ఇవాళ పొద్దున కూర్చుని లోపలున్నదంతా గుంతలో పోయిస్తున్నాను, ప్యాకెట్ ప్యాకెట్ చింపించి.

ఇన్‌పుట్ సంగతి మరిచాను. ఆ 42,000 కూడా రాలేదు. కంపెనీ వాడు జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) వెయ్యలేదు, కాబట్టి నా 2బీలో (పోర్టల్ నాకు చూపించే కొనుగోలు బిల్లుల లిస్టు) ఆ బిల్లు లేదు. 2బీలో లేకపోతే క్రెడిట్ లేదు, 2022 జనవరి నుంచి అంతే. అక్టోబరు 14న చూసి ఫోన్ చేస్తే "ఏస్తం ఏస్తం" అన్నారు. మా అకౌంటెంట్ ఇవాళ జీఎస్టీ పోర్టల్ తెరిచి, వాళ్ల జీఎస్టీ నంబరు కొట్టి చూపించాడు. ఏ నెల రిటర్న్ ఎప్పుడు వేశారో మొత్తం కనిపిస్తుంది, లాగిన్ కూడా అక్కర్లేదు. మే, జూన్ రెండూ ఆలస్యం, ఆగస్టు నుంచి ఖాళీ. అంటే నేను చిట్టీ పాడుతున్న రోజే అది అక్కడ కనిపిస్తూ ఉంది. రెండు నిమిషాల పని.

కాబట్టి ఎవరితోనైనా ఏళ్ల తరబడి చేయాలనుకుంటే ఆ నంబరు కొట్టి చూడండి. ఎక్స్‌పైరీ, రేటు తేడా, ఏరియా, ఈ మూడూ వాళ్ల లెటర్‌హెడ్ మీద రాయించుకోండి, మేనేజర్ నోటి మీద కాదు. లోపలి వరస కాటన్లు తెరవండి. ఇంకేం చెప్పాలి, నాకే తెలియలేదు.

రాత్రి హాలియా షాపాయన ఫోన్ చేశాడు, "అన్నా, నీ సరుకే వేరే అబ్బాయి తెచ్చిండు, కొత్త రేటుకు ఇస్తుండు, తీస్కోమంటవా?" అని. అప్పుడు అర్థమైంది ఆ బొలెరో ఎవరిదో.

తమ్ముడూ, ఎవరో నాకు తెలియదు. నీ మీద కోపం లేదు. నీ చేతిలో ఉన్న ఆ షాపుల లిస్టు నేను రాసింది, బాకీలతో సహా అన్నీ అందులోనే ఉన్నాయి. లక్ష కట్టేశావా? కట్టకపోతే ఆగు. కట్టేస్తే ఇవాళే లోపలి వరస కాటన్ ఒకటి తెరిచి ప్యాకింగ్ డేటు చూడు.