వసంత్‌కుంజ్ మాల్: ఏసీకి అయిదు, చోటుకి సున్నా

మేం ఢిల్లీలో మునిర్కాలో ఉంటాం. మాకు దగ్గర్లో పెద్ద షాపింగ్ అంటే వసంత్‌కుంజ్ మాల్సే. నెల్సన్ మండేలా మార్గ్ మీద మూడు పక్కపక్కనే ఉంటాయి. మేం ఎక్కువగా వెళ్ళేది అందులో ఒకదానికి. పేరు చెప్పను, ఎలాగూ నా అసలు గొడవ మూడింటితోనూ.

ముందు మంచి చెప్తాను. మే నెల ఢిల్లీ ఎండలో లోపలికి అడుగుపెడితే ప్రాణం లేచొస్తుంది. బాత్రూములు శుభ్రం. తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు ఎర్రకోటని చూసి ఊరుకున్నారు గానీ ఈ బాత్రూముల్ని మాత్రం ఫోన్‌లో చెల్లెలికి వర్ణించి మరీ చెప్పారు. పెద్దవాళ్ళు కూర్చోడానికి చోటుంది. పిల్లల బట్టలు, బూట్లు ఒక్క చోటే దొరుకుతాయి. సేల్ పెట్టినప్పుడు ధరలు కూడా పర్వాలేదు.

ఫుడ్ కోర్టు జోలికి వెళ్ళకండి. సాదా దోసె మూడొందలకు దగ్గర, సాంబారులో చక్కెర, చట్నీ ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినంత చల్లగా. అంతకంటే తక్కువకే ఆంధ్రా భవన్‌లో కడుపునిండా భోజనం వస్తుంది. శనివారం సాయంత్రం బేస్‌మెంట్‌లోంచి కారు బయటికి తీయడం ఇంకో టెన్షన్.

ఇక చోటు సంగతి. ఈ మాల్స్ లేచింది ఆరావళి రాతి నేల మీద. ఢిల్లీలోకి చొచ్చుకొచ్చిన ఆరావళి కొండల అడవిని ఇక్కడ రిడ్జ్ అంటారు. కాగితాల్లో ఈ ముక్క రిడ్జ్‌గా నోటిఫై కాలేదు కాబట్టి ఢిల్లీ అభివృద్ధి సంస్థ (డీడీఏ) వేలం వేసింది. కానీ ఆ రాళ్ళు, వాననీరు భూమిలోకి ఇంకే తీరు, మొలిచే చెట్లు అన్నీ రిడ్జ్‌వే. ఆ పక్కనే ఉన్న జేఎన్‌యూ క్యాంపస్‌లో ఇప్పటికీ మనుబోతులు, నెమళ్ళు, నక్కలు తిరుగుతాయి. వసంత్‌కుంజ్ వాసులు 'రిడ్జ్ బచావో ఆందోళన్' పేరుతో అడ్డుపడ్డారు. వాళ్ళేమీ షాపింగ్ వద్దన్న సన్యాసులు కారు. ట్యాంకర్ నీళ్ళ కోసం ఎదురుచూసే కాలనీల్లో ఉంటున్నవాళ్ళు. నీరింకే నేల మీదే కాంక్రీటు పోస్తారా అని అడిగారు.

విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పర్యావరణ అనుమతి రాకముందే కట్టడం మొదలైందని తేలింది. ఇంత పెద్ద వాణిజ్య కట్టడాలకు ఇది తగిన చోటు కాదన్నట్టే కేంద్ర నిపుణుల కమిటీ కూడా రాసింది. అయినా 2006 అక్టోబరు 17న కోర్టు షరతులతో కానివ్వమంది. అప్పటికే బోలెడు డబ్బు పెట్టారు కదా అన్నది ఒక కారణం. ఇవి పెద్ద కార్పొరేట్ సంస్థలు, అక్రమంగా అనుమతులు తెచ్చుకున్నారన్న ప్రశ్నే రాదన్నది ఇంకో మాట. పేదవాడి గుడిసెకి ఇలాంటి సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వగా నేను చూడలేదు.

నాకు అర్థమైంది ఏమిటంటే, వాళ్ళు ఓడింది వాదనలో కాదు, ఆలస్యం వల్ల. స్లాబులు లేచాక కోర్టుకి అడవి కనపడదు, ఖర్చే కనపడుతుంది. 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి చూడండి. అక్కడ రావాలనుకున్నది మాల్ కాదు, ఐటీ పార్కులు. బుల్డోజర్లు దిగగానే విద్యార్థులు అడ్డుపడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. దాదాపు వంద ఎకరాల్లో చెట్లు పోయాయి, అది చిన్న నష్టం కాదు. కానీ అప్పటికి చూపించడానికి అక్కడ ఒక్క అంతస్తు కూడా లేవలేదు.

మీ ఊళ్ళో చెరువు పక్కనో గుట్ట మీదో మాల్ వస్తుందని వింటే ఒకటి గుర్తుంచుకోండి. నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లకు చేరితే పర్యావరణ అనుమతి తీసుకోవాలి. అయితే 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి కట్టడాలకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. ఎవరూ మిమ్మల్ని పిలిచి అడగరు. దరఖాస్తు కేంద్ర పర్యావరణ శాఖ 'పరివేష్' వెబ్‌సైట్‌లో పడుతుంది, మనమే వెతుక్కోవాలి. బోర్డు పెట్టి క్రేన్లు వచ్చేదాకా ఆగితే వసంత్‌కుంజ్ కథే.

మాల్‌కి నా రేటింగ్ అయిదుకి రెండు. ఆ రెండూ ఏసీకి, బాత్రూములకి. ఢిల్లీ వస్తే ఒక పూట అక్కడికి బదులు వసంత్ విహార్ వైపు ఆరావళి బయోడైవర్సిటీ పార్కుకి వెళ్ళండి. ఒకప్పుడు అభ్రకం, కట్టడాలకు వాడే బదర్‌పూర్ ఇసుక తవ్విన గోతులు అవి. సర్కారు తుమ్మ కమ్మేసిన ఆ నేలలో డీడీఏ, ఢిల్లీ యూనివర్సిటీ కలిసి, ప్రొఫెసర్ సి.ఆర్. బాబు ఆధ్వర్యంలో, మళ్ళీ ఆరావళి చెట్లు పెంచారు. అవును, మాల్స్ స్థలం వేలం వేసిన డీడీఏయే! సీతాకోకచిలుకల తోట, పాత గోతిలోనే ఆర్కిడ్ల తోట ఉన్నాయి. టికెట్ లేదు. పొద్దున్నే వెళ్ళండి, నీళ్ళ సీసా, నడవడానికి గట్టి బూట్లు ఉండాలి. అత్తగారిలాంటి వాళ్ళని తీసుకెళ్తే మాత్రం గేటుకి దగ్గర్లోనే తిప్పి తీసుకొచ్చేయండి, లోపల చాలా దూరం నడవాలి.