ఖొనోమాలో ఒక రాత్రైనా ఉండండి

నాగాలాండ్ రాజధాని కోహిమా వెళ్లే మనవాళ్లలో చాలామంది డిసెంబరు 1 నుంచి 10 దాకా దగ్గర్లోని కిసామాలో జరిగే హార్న్‌బిల్ పండుగ చూసి వెనక్కి వచ్చేస్తారు. పండుగ బాగుంటుంది, కాదనను. కానీ కిసామా ప్రదర్శన కోసం కట్టిన ఊరు. జనం కాపురాలుంటున్న నాగా ఊరు చూడాలంటే కోహిమాకు 20 కిలోమీటర్ల దూరంలోని అంగామీ అనే నాగా తెగవాళ్ల ఊరు ఖొనోమాకు వెళ్లాలి.

మాకు కారు మాట్లాడిపెట్టిన ఏజెంటు "రెండు గంటలు చాలు సార్" అన్నాడు. అస్సలు చాలదు.

ఇక్కడ టూరిజం ఊరివాళ్ల చేతుల్లోనే ఉంది. గైడు ఆ ఊరి మనిషే, బస ఆ ఊరి ఇళ్లలోనే. గైడు డబ్బుల దగ్గర మాత్రం పొదుపు చేయకండి. 1879లో ఇంగ్లీషువాళ్లతో జరిగిన పోరును కోట దగ్గర నిలబడి ఆయన చెబుతుంటే వినాలి. తరతరాలుగా వేటాడిన ఈ ఊరివాళ్లే 1998లో వేట మానేసి, ట్రాగోపాన్ పక్షుల కోసం తమ అడవిని అభయారణ్యంగా ప్రకటించుకున్నారు. ఎంత పెద్ద మనసు కావాలి దానికి!

పోడు చేలు కూడా తీరిగ్గా చూడండి. ఆల్డర్ చెట్లను మొదలంటా నరకరు, పైకొమ్మలే కొడతారు. అవి మళ్లీ చిగురిస్తాయి, వేళ్లు నేలకు నత్రజని అందిస్తాయి. మన మన్యంలో పోడు చూసినవాళ్లకు ఇది మరీ నచ్చుతుంది.

హోమ్‌స్టే గది సాదాగా ఉంటుంది. వేడినీళ్లు బకెట్‌తో ఇస్తారు. గీజర్, వైఫై తప్పనిసరి అయితే కోహిమా హోటలే మేలు. నా ఓటు మాత్రం హోమ్‌స్టేకే. పొయ్యి చుట్టూ కూర్చుని ఇంటివాళ్లతో కలిసి తిన్న గల్హో (బియ్యం, ఆకుకూరలు కలిపి జారుగా వండేది) ఏ హోటల్లో దొరుకుతుంది? రాజా మిర్చి పచ్చడి మాత్రం వేలికొసతో రుచి చూసి వేసుకోండి. గుంటూరు కారం దాని ముందు చాలదు. శాకాహారులు ముందే చెప్పాలి, మాంసం లేని భోజనం అక్కడ అరుదు.

నాగాలాండ్‌కు ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటివాళ్లు ఆ రాష్ట్రంలోకి వెళ్లేందుకు తీసుకునే అనుమతి) కావాలి, ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. ఆదివారం చర్చి రోజు, అన్నీ మూసి ఉంటాయి. చలికాలంలో నాలుగున్నరకే చీకటి పడుతుంది కాబట్టి మధ్యాహ్నంలోపే ఊరు చేరుకోండి.