ఆరేళ్లుగా మా ఒంగోలు ఆవులకి జాతి రిజిస్ట్రేషన్: నాకు ఒరిగిందేమిటి?

ముందే చెప్పేస్తాను. సర్టిఫికెట్ వచ్చిందని ఆవు ఒక్క గ్లాసు పాలు కూడా ఎక్కువ ఇవ్వదండీ.

మాది కోనసీమ, అమలాపురం దగ్గర. కొబ్బరితోట, దాన్ని ఆనుకుని మూడెకరాల వరి. మా వైపు పాలంటే గేదె పాలే. ఒంగోలు జాతి పుట్టిల్లు ప్రకాశం, నెల్లూరు, గుంటూరు వైపు. మా ఊళ్లో ఆ గిత్తల పేరెత్తితే అందరికీ ముందు గుర్తొచ్చేది బండలాగుడు పందేలు. నేను 2019లో రెండు ఆవుల్ని తెచ్చుకుని, ఆవుల జాతినీ వంశాన్నీ పుస్తకంలోకి ఎక్కించే పెంపకందారుల సంఘం ఒకదాంట్లో చేరాను. సంఘం పేరు రాయను, కింద కొంచెం తిట్టాను కాబట్టి.

సంఘం తరఫున పరిశీలనకి వచ్చిన పెద్దాయన ఒక్కో ఆవు దగ్గర ముప్పావుగంట నిలబడ్డాడు. నేను ఒంటి తెలుపు చూపిస్తుంటే ఆయన కళ్ల దగ్గరికి వెళ్లాడు. కాటుక దిద్దినట్టు నల్లటి అంచు ఉందా, ముట్టె నలుపేనా, గిట్టలు, తోక కుచ్చు నలుపేనా, కొమ్ములు పొట్టివేనా, గంగడోలు మడతలు పడి కిందికి జారిందా అని చూశాడు. మూపురం వెనక నుంచి ఛాతీ చుట్టూ టేపు వేశాడు. "వీటి తల్లీతండ్రీ ఎవరో కాగితం లేదు కాబట్టి రూపం చూసి రాస్తున్నాను. అసలు వంశం వీటి దూడలతో మొదలవుద్ది" అన్నాడు. ఆ మాట బరువు నాకు రెండేళ్లకి గానీ తెలిసిరాలేదు.

2021 శ్రావణంలో పెద్దావు ఎదకి వచ్చింది. రాత్రి, కుండపోత వాన. కృత్రిమ గర్భధారణ సూది వేసే కుర్రాడు తడిసిముద్దయి వచ్చి, పని కానిచ్చి, ఆంబోతు వీర్యం ఉండే గొట్టాన్ని, అదే స్ట్రాని, ఖాళీ అయ్యాక కాలవలోకి విసిరేసి వెళ్లిపోయాడు. నేనూ అడగలేదు. తొమ్మిది నెలల పైన పెయ్య పుట్టింది. గౌరి అని పేరు పెట్టాం. జున్ను ఊరంతా పంచాం. రిజిస్ట్రేషన్ ఫారంలో తండ్రి ఆంబోతు నంబరు రాయమన్నారు. ఏం రాయను? కుర్రాణ్ణి అడిగితే "ఒంగోలేనండీ, ఆయ్" అన్నాడు. డీఎన్ఏ పరీక్ష చేయిద్దామన్నా ఏ ఆంబోతుతో పోల్చాలో తెలియాలి కదా. గౌరి కాగితంలో తండ్రి గడిలో ఇప్పటికీ అడ్డగీతే. అందరూ ముచ్చటపడేది దాన్నే, వంశావళిలో చిల్లు పడిందీ దానికే.

అప్పట్నుంచి ఖాళీ స్ట్రా నా చేతిలో పెట్టాకే డబ్బులిస్తున్నాను. పావు మిల్లీలీటరు పట్టే సన్నటి గొట్టం, దాని మీదే ఆంబోతు నంబరు, జాతి అచ్చేసి ఉంటాయి. పిల్లల నోటుబుక్కులో తేదీ వేసి టేపుతో అంటిస్తాను. మా ఆవిడ దాన్ని "ఆవుల ఆల్బం" అంటుంది.

తిట్టాల్సింది చెవి ట్యాగు గురించి. ఆవు గుర్తింపు నంబరు 12 అంకెల్లో ఉండే పసుపుపచ్చ బిళ్ల. చిన్నావు కొబ్బరి మొదలుకి చెవి రుద్దీ రుద్దీ ఊడగొట్టుకుంది. కొత్తది వేయించడం ఒక్క రోజు పని. సంఘం పుస్తకంలో పాత నంబరు తీయించి కొత్తది ఎక్కించడానికి మాత్రం అయిదు నెలలు. ఫోన్ చేసినప్పుడల్లా "ఫొటో మళ్లీ పంపండి". అదే ఆవు, అదే చెవి, నాలుగుసార్లు పంపాను.

పాల లెక్క నెలకోసారి, సాయంత్రం, మర్నాడు పొద్దున. బకెట్ బరువు తీసేసి కాటా వేయాలి. ఈ ఆవులు దూడ మూతి పెట్టందే పాలు చేపవు, కాబట్టి దూడ తాగింది లెక్కలోకి రాదు. దీని గురించి సంఘంతో వాదించి లాభం లేదు, అందరికీ అదే రూలు.

డబ్బు మాటకొస్తే, కాగితం ఉన్న కోడెదూడ ఒకటి నేననుకున్నదానికంటే ఎనిమిది వేలు ఎక్కువ పలికింది. ఆరేళ్లలో అంతే. ఇదే జాతి బ్రెజిల్ వెళ్లి 'నెలోర్' అయింది, మన నెల్లూరు పేరే. అక్కడ ఈ మూపురం పశువుల వంశావళి 1938 నుంచి రాస్తున్నారట. మనం స్ట్రాలు కాలవలో వేస్తున్నాం.

2024 సంక్రాంతికి ప్రధాని పుంగనూరు ఆవులకి మేత పెట్టిన వీడియో వచ్చాక మా బావమరిది ఆ పేరు మీద ఒక పొట్టి ఆవుని కొన్నాడు. సర్టిఫికెట్ లామినేషన్ చేయించి మరీ ఇచ్చారు. ఫొటో ఉంది, ముద్ర ఉంది. తల్లి నంబరు లేదు, తండ్రి నంబరు లేదు. అలాంటిదానికి రూపాయి కూడా పెట్టొద్దని నా సలహా. చేరాలనుకునేవాళ్లు సంఘం వాళ్లని ముందు రెండు తరాల పేజీ ఒకటి చూపించమనండి.

చిన్నావు ఫాల్గుణంలో ఈనాలి. స్ట్రా పదమూడో పేజీలో ఉంది.