పన్నెండు సెకన్ల చోటు చూడ్డానికి: డేటన్, వాషింగ్టన్, కిల్ డెవిల్ హిల్స్

మా మామయ్యగారు సూళ్లూరుపేట ఆర్టీసీ డిపోలో ముప్ఫై ఏళ్లు మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. శ్రీహరికోటలో రాకెట్ లేచిన ప్రతిసారీ చేతిలో స్పానర్‌తోనే షెడ్డు బయటికొచ్చి చూసేవారట. ఈ మే నెలలో అమెరికాలో, ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఉన్న మా ఇంటికి వచ్చారు. వచ్చిన రెండో వారం, అన్నం తింటూ అడిగారు. "విమానం ముందు ఎగరేసింది రైట్ బ్రదర్స్ కాదంట కదమ్మా? 1895లోనే బొంబాయి చౌపాటీలో తల్పడే అనే ఆయన ఎగరేశాడంట. వాట్సాప్‌లో వచ్చింది."

పదేళ్ల మా అబ్బాయి తినడం ఆపేసి, "కాదు తాతయ్యా, ఒహాయో వాళ్లే" అన్నాడు. వాడి బడిలో అలాగే నేర్పుతారు. నాకేమో బ్రెజిల్ గుర్తొచ్చింది.

రెండేళ్ల కిందట ఆఫీసు పని మీద రియో వెళ్లాను. దిగగానే, ఊరి మధ్యలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న విమానాశ్రయం పేరు సాంటోస్ డ్యూమాంట్. అక్కడి సహోద్యోగినితో మాటల మధ్యలో రైట్ సోదరుల ప్రస్తావన తెచ్చాను. ఆమె ముఖం మారిపోయింది. "విమానం కనిపెట్టింది మా ఆల్బెర్టో" అంది. ఆ విమానాశ్రయానికి పెట్టింది ఆయన పేరే, ఆల్బెర్టో సాంటోస్ డ్యూమాంట్. కోపం లేదు గానీ, బాధ ఉంది ఆ గొంతులో. ఆ శనివారం నన్ను పెట్రోపోలిస్ వెళ్లమని పంపింది. రియో నుంచి బస్సు. కొండ ఎక్కే దారంతా పచ్చదనం, సీట్లు బాగున్నాయి, ఏసీ మాత్రం వణికించింది. శాలువా తీసుకెళ్లండి.

అక్కడ డ్యూమాంట్ 1918లో కట్టుకున్న చిన్న ఇల్లుంది. ఆ ఇంటి మెట్లు నాకు ఇప్పటికీ కళ్లముందు ఉన్నాయి. నిటారుగా ఉంటాయి. ఒక్కో మెట్టు సగం కోసేసి ఉంటుంది, ఒకదానికి ఎడమ సగం, తర్వాతదానికి కుడి సగం. కుడికాలు ముందు పెడితేనే ఎక్కగలం. మన ఇళ్లలో కొత్త కోడల్ని కుడికాలు ముందు పెట్టి రమ్మంటారే, ఆ ఇంట్లోకి ప్రతి మనిషీ అలాగే వెళ్లాలి. లోపల వంటిల్లు లేదు. భోజనం ఎదురుగా ఉన్న హోటల్ నుంచి తెప్పించుకునేవాడట. ఇల్లు చూడ్డానికి అరగంట చాలు. దానికోసం అంత దూరం వెళ్లొచ్చా అంటే, వెళ్లొచ్చు. రాత్రి ఉన్న చిన్న సత్రంలాంటి హోటల్లో పొద్దున వేడివేడిగా జున్ను బన్నులు పెట్టారు. ఇంగ్లిష్ ఎవరికీ రాదు, ఫోన్‌లో అనువాదం పెట్టుకుని నెట్టుకొచ్చాను.

బ్రెజిల్ వాళ్ల వాదన గట్టిదే. 1906 అక్టోబర్ 23న పారిస్‌లోని బగటెల్ మైదానంలో, జనం కళ్లముందు, 14-బిస్ అనే విమానం చక్రాల మీద పరిగెత్తి తన ఇంజన్ బలంతోనే నేల వదిలింది. 60 మీటర్లు వెళ్లింది. నవంబర్ 12న 220 మీటర్లు. రైట్ సోదరులు 1903లో పట్టాల మీద నుంచి, ఎదురుగాలి సాయంతో, నలుగురైదుగురి ముందు లేచారు కదా అని అడుగుతారు. పైగా డ్యూమాంట్ తన డెమోయిసెల్ విమానం నమూనాలను పేటెంట్ లేకుండా అందరికీ ఇచ్చేశాడు. రైట్ సోదరులు పేటెంట్ కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. ఈ విషయంలో నా మనసు పూర్తిగా డ్యూమాంట్ వైపే.

ఇన్ని మాటలు విన్నాక, కూర్చుని వాదించుకోవడం దేనికి, వెళ్లి చూద్దాం అనుకున్నాం.

మొదట రైట్ సోదరుల ఊరు డేటన్. మా ఇంటి నుంచి గంటన్నర లోపే, పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు. అందరూ ముందు ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి పరిగెత్తుతారు. టికెట్ లేదు, పార్కింగ్ ఉచితం, నిజంగా గొప్ప మ్యూజియం. కానీ రోజంతా అక్కడే అయిపోతుంది, మోకాళ్లూ అయిపోతాయి. మీకు ఒక్క రోజే ఉంటే నా మాట విని దాన్ని వదిలేయండి. హఫ్‌మన్ ప్రెయిరీకి వెళ్లండి.

అది ఒక గడ్డి మైదానం, అంతే. రైట్-ప్యాటర్సన్ వైమానిక స్థావరం భూమిలో ఉంటుంది, జనానికి వేరే గేటు. వెళ్లేముందు తెరిచి ఉందో లేదో కనుక్కోండి. మంచినీళ్లు వెంట ఉంచుకోండి, బాత్రూమ్ పని దారిలోనే ముగించుకోండి. మేం వెళ్లినప్పుడు ఇంకెవరూ లేరు. నడుమెత్తు గడ్డి, అక్కడక్కడా హద్దు చూపే తెల్ల జెండాలు, పాత షెడ్డుకు నకలు ఒకటి, బరువు కిందికి వదిలితే విమానాన్ని ముందుకు లాగే చెక్క గోపురం ఒకటి. బ్రెజిల్ వాళ్లు ఎత్తిపొడిచే సాధనం ఆ గోపురమే. కానీ అది 1904 సెప్టెంబర్‌లో వచ్చింది, 1903 నాటి ఎగురుడులో దాని పాత్ర లేదు. మామయ్య దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "కప్పీ, తాడూ, బరువూ. బావిలో నీళ్లు తోడే లెక్కే కదమ్మా" అన్నారు.

ఈ పచ్చిక ఒక బ్యాంకు పెద్దమనిషిది. ఉచితంగా వాడుకోమన్నాడు, ఆవుల్ని మాత్రం కంచె బయటికి తోలమన్నాడు. 1905 అక్టోబర్ 5న సోదరుల్లో పెద్దవాడు విల్బర్ ఇక్కడే గుండ్రంగా తిరుగుతూ 39 నిమిషాల్లో 24 మైళ్లు ఎగిరాడు. పారిస్‌లో 60 మీటర్లకు ఇంకా ఏడాది ఉంది. నా దృష్టిలో వాదన ఈ గడ్డిలోనే తేలిపోయింది. అయినా ప్రపంచానికి ఎందుకు తెలియలేదంటే, వాళ్లు పేటెంట్ భయంతో దాచుకున్నారు. అక్కడికి వచ్చి చూసి, కళ్లారా చూసినట్టు మొదట అచ్చులో రాసింది ఏమస్ రూట్ అనే ఆయన, 1905 జనవరిలో, తన తేనెటీగల పెంపకం పత్రికలో! 1908లో విల్బర్ ఫ్రాన్స్ వెళ్లి ఎగిరి చూపించాక, అంతవరకు నమ్మని ఫ్రెంచివాళ్లే ఒప్పుకున్నారు.

ఆ 1905 విమానం ఊళ్లోనే కారిలన్ పార్కులో ఉంది. టికెట్ ఉంది గానీ డబ్బుకు న్యాయం జరుగుతుంది. 2021లో అంగారకుడి మీద ఎగిరిన ఇన్‌జెన్యుటీ హెలికాప్టర్‌కు అంటించిన గుడ్డముక్క ఇచ్చింది వీళ్లే. 1903 విమానం రెక్క గుడ్డలోంచి తపాలా బిళ్లంత ముక్క.

సెప్టెంబర్ చివర్లో వాషింగ్టన్ బయల్దేరాం. ఆరున్నర గంటల దారి. పులిహోర, పెరుగన్నం డబ్బాలు సర్దుకున్నాం. కారులోనే తల్పడే సంగతి మళ్లీ వచ్చింది. నాకు తెలిసింది చెప్పాను. శివకర్ బాపూజీ తల్పడే నిజంగా ఉన్న మనిషే, విమానాల మీద పనిచేసిన మాటా ఉంది. కానీ ఆ ఎగురుడుకు ఫొటో లేదు, కొలతలు రాసుకున్న నోటుపుస్తకం లేదు. దానికి ఆధారంగా చూపించే 'వైమానిక శాస్త్రం' అనే సంస్కృత గ్రంథం 1904కు ముందుది కాదని, అందులో చెప్పిన విమానాలు ఎగరలేవని 1974లో బెంగళూరు ఐఐఎస్‌సీ ఇంజనీర్లే లెక్కలు కట్టి తేల్చారు. మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. ఆ మౌనం నాకు కష్టంగానే అనిపించింది. ఆయన ఆ మాట నమ్మింది ఎవరినీ తక్కువ చేయడానికి కాదు. మనవాళ్లకూ చేతనవుతుందని ఎవరో చెబితే వినాలన్న ఆశతో.

కాసేపటికి ఆయనే అన్నారు. "చంద్రయాన్ రోజు డిపో వాళ్లందరం ఒకచోట చేరి చూశాం. అది అబద్ధం కాదు కదా."

కాదు. దాని మీద కూడా పేచీ వచ్చింది. చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ దిగింది 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర, అది ధ్రువం కిందికి రాదని ఒక చైనా శాస్త్రవేత్త అన్నారు. ధ్రువం మీద అన్నవాళ్లది పొరపాటే, ధ్రువానికి దగ్గర అనడం సరైన మాట. కానీ అంతకు ముందు చంద్రుడి దక్షిణాన ఎవరైనా మెల్లగా దిగింది 45 డిగ్రీల దగ్గర వరకే, అదీ 2019లో చైనాదే. 2023 ఆగస్టు 23న మనం దాన్ని దాటి చాలా కిందికి వెళ్లాం. అంకెలతో సహా చెప్పుకోగల గర్వం ఇది. మామయ్య మా వాడి చేత ఆ రెండు అంకెలూ కాగితం మీద రాయించుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు.

వాషింగ్టన్‌లో ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియం ఉచితమే గానీ ఫలానా వేళకు రమ్మనే పాసులు ముందే ఆన్‌లైన్లో తీసుకోవాలి. మేం వారాల ముందు తీసుకున్నాం. మామయ్యకు చక్రాల కుర్చీ అడగ్గానే ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. బస మా పిన్ని కూతురు ఇంట్లో కాబట్టి హోటళ్ల గురించి చెప్పలేను. మెట్రోలో వెళ్లండి, కారుకు చోటు వెతకడం పెద్ద టెన్షన్.

1903 నాటి అసలు విమానం నేల మీదే, మన కంటి ఎత్తులో ఉంది. మామయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఇంజన్ నుంచి రెండు చైన్లు రెండు ప్రొపెల్లర్లకు పోతున్నాయి, గొట్టాల్లోంచి. ఆయన వేలితో గాల్లోనే ఒకదాని వెంట వెళ్లారు, తర్వాత రెండోదాని వెంట. అక్కడ ఆగారు. "చూడరా, ఇది అడ్డంగా మెలితిప్పి వేశారు. అందుకే రెండు ఫ్యాన్లూ ఎదురెదురు తిరుగుతాయి. లేకపోతే బండి ఒక పక్కకు లాగేస్తది. సైకిల్ షాపోళ్లే చేయగల పని" అని మనవడికి చెప్పారు. అక్కడి బోర్డులన్నీ చదివిన నాకు ఆ చైను కనపడనే లేదు.

ఈ విమానం ఇక్కడికి రావడానికే 45 ఏళ్లు పట్టింది. ఈ మ్యూజియాన్ని నడిపే స్మిత్‌సోనియన్ సంస్థే అప్పట్లో తన అధిపతి ల్యాంగ్లీ యంత్రమే ముందు ఎగరగలిగిందని బోర్డు పెట్టుకుంది. ఆ యంత్రం 1903లో రెండుసార్లు పోటోమాక్ నదిలో పడిపోయింది. 1914లో మార్పులు చేసి ఎగరేసి, అసలుదే ఎగిరిందన్నారు. తమ్ముడు ఆర్విల్ మనసు విరిగి 1928లో తన విమానాన్ని లండన్ పంపించేశాడు. 1942లో సంస్థ తప్పు ఒప్పుకుంది. 1948 డిసెంబర్ 17న విమానాన్ని ఇక్కడ ప్రదర్శనకు పెట్టేసరికి ఆర్విల్ పోయి పదకొండు నెలలు. ఇంకెవరి విమానాన్నైనా దీనికంటే ముందుదని సంస్థ ఒప్పుకుంటే దీన్ని వదులుకోవాలని ఒప్పందంలో రాసుకున్నారు. ఆ షరతు నాకు నచ్చలేదు. నిజం దాని కాళ్ల మీద అది నిలబడుతున్నప్పుడు దానికి తాళం వేయడం ఎందుకు? దాన్ని పట్టుకునే కనెక్టికట్ వాళ్లు, 1901లో తమ రాష్ట్రంలో వైట్‌హెడ్ అనే ఆయన ఎగిరాడని 2013లో చట్టంలో రాసుకున్న వాళ్లు, ఇప్పటికీ అనుమానాలు లేవదీస్తున్నారు.

అక్కడి నుంచి నార్త్ కరోలినా తీరం. నార్ఫోక్ దగ్గర సొరంగం ముందు గంటకు పైగా ఆగిపోయాం. శుక్రవారం మధ్యాహ్నం ఆ దారి పెట్టుకోకండి. జీపీఎస్‌లో, అందరూ చెప్పుకునే కిట్టీ హాక్ పేరు కొట్టకండి. రైట్ సోదరులు 1903లో మొదట ఎగిరిన చోటు దానికి నాలుగు మైళ్ల దక్షిణాన కిల్ డెవిల్ హిల్స్‌లో ఉంది.

బస సముద్రం ఒడ్డు మోటెల్లో. కింది అంతస్తు కావాలని ఫోన్ చేసి మరీ అడిగితే సరేనన్నారు, తీరా వెళ్తే మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. గంటసేపు కౌంటర్ దగ్గర నిలబడితే గానీ మార్చలేదు. గది శుభ్రంగా ఉంది, అలల చప్పుడు బాగుంది. కానీ పెద్దవాళ్లతో వెళ్తే గది నంబరు రాతపూర్వకంగా తీసుకోండి. తిండికి చేపలే చేపలు. నెల్లూరు చేపల పులుసు తిన్న నాలుకకు ఆ వేపుళ్లు చప్పగా ఉంటాయి. మేం తీసుకెళ్లిన కారప్పొడి మూడు పూటలు కాపాడింది.

పార్కింగ్‌లో మా కారు పక్కనే స్థానికుల కారు. వాళ్ల నంబర్ ప్లేటు మీద "ఫస్ట్ ఇన్ ఫ్లైట్", మా ఒహాయో ప్లేటు మీద "బర్త్‌ప్లేస్ ఆఫ్ ఏవియేషన్". మా వాడు రెండూ కలిపి ఫొటో తీశాడు. 2021లో ఒహాయో కొత్త ప్లేట్ల మీద, విమానం వెనక ఎగరాల్సిన ఆ మాటల బ్యానర్‌ను పొరపాటున విమానం ముక్కుకు తగిలించారు. 35 వేల ప్లేట్లు అచ్చయ్యాక చూసుకుని మార్చారు. ఆ విమానానికి తోకలా కనిపించే భాగం ముందుంటుంది మరి.

స్మారకానికి పెద్దలకు మనిషికి 10 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది, పిల్లలకు లేదు. రేంజర్ చెప్పే అరగంట మాటలు వదులుకోకండి. ఈ ప్రయాణం మొత్తంలో అంత చక్కగా చెప్పినవాళ్లు లేరు. కొండ మీద 60 అడుగుల రాతి స్తంభం ఉంది, మేం ఎక్కలేదు. మాకు కావలసింది కింద చదునుగా ఉన్న గడ్డి.

లేచిన చోట ఒక రాయి. 1903 డిసెంబర్ 17న నాలుగుసార్లు దిగిన చోట్ల నాలుగు రాళ్లు. మొదటిది 120 అడుగుల దగ్గర, పన్నెండు సెకన్లు. ఆ లేచే క్షణాన్ని ఫొటో తీసింది జాన్ డేనియల్స్, సముద్రంలో మునిగేవాళ్లను కాపాడే దళం మనిషి. ఆర్విల్ కెమెరా సర్దిపెట్టి రబ్బరు బల్బు ఆయన చేతికిచ్చి వెళ్లాడు.

మామయ్య చెప్పులు విడిచి మొదటి రాయి దాకా నడిచారు. వెనక్కి తిరిగి చూశారు. "మూడు బస్సులు వరసగా పెడితే ఇంతే ఉంటది" అన్నారు. రెండోది 175, మూడోది 200. ఆ రెండూ దగ్గరదగ్గరే. నాలుగోది దూరంగా, 852 అడుగుల దగ్గర, 59 సెకన్లు. మోకాలి నొప్పి కదా, కూర్చోండి మామయ్యా అన్నాను. వినలేదు. మా వాడి భుజం పట్టుకుని, మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుని, ఆ చివరి రాయి దాకా వెళ్లారు. గాలి బలంగా వీస్తోంది. నేను ఇవతలే నిలబడ్డాను. ఆయన మనవడికి చెయ్యి చాపి ఏదో చూపిస్తున్నారు, మాటలు వినపడలేదు.

ఆ రాత్రి మోటెల్లో డిపో పాత మిత్రుల గ్రూపులో ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ చాలాసేపు టైపు చేశారు. నాకు చూపించారు. ఆ మెలితిప్పిన చైను ఫొటో, కింద రెండే వాక్యాలు: "దీన్ని దగ్గర్నుంచి చూసినాను. మనోళ్లు విక్రమ్ దించింది 69 డిగ్రీల కాడ, అంతకు ముందు ఎవురైనా పోయింది 45 దాకానే."