వాద్యాల సెషన్లు బంగారం, నా గొడవంతా సౌండ్ మీదే

వేరే వేరే దేశాల వాద్య కళాకారులు ఆన్‌లైన్‌లో లైవ్‌గా వచ్చి వాళ్ళ వాద్యం వాయించి, దాని కథ చెప్పే సెషన్లలో చేరాను, మొత్తం ఆరు, ఒక్కోటి గంటన్నర. ప్లాట్‌ఫామ్ పేరు చెప్పను, ఎందుకంటే కింద తిట్లు కూడా ఉన్నాయి.

మొదటిది పశ్చిమ ఆఫ్రికా తీగ వాద్యం కోరా. సగానికి కోసిన పెద్ద సొరకాయ బుర్ర, దానిమీద బిగించిన ఆవు తోలు, 21 తీగలు, ఇంతవరకూ గూగుల్ చేస్తే ఎవరికైనా తెలుస్తుంది, కానీ ఆయన కెమెరాని చేతుల దగ్గరికి దించి చూపించారు చూడండి, రెండు చేతుల బొటనవేలూ చూపుడువేలూ మాత్రమే మీటుతున్నాయి, మిగతా వేళ్ళు రెండు కర్రల్ని పట్టుకుని వాద్యాన్ని నిలబెడుతున్నాయి. నాలుగే వేళ్ళు, వింటే ముగ్గురు వాయిస్తున్నట్టుంది! ఒక చిన్న తోలు ఉంగరాన్ని తీగలు కట్టిన పొడుగు కర్రమీద అటూ ఇటూ జరిపి శ్రుతి చేసుకుంటూనే జెలి వంశాల గురించి చెప్పారు, పశ్చిమ ఆఫ్రికాలో రాజుల చరిత్రలూ వంశావళులూ తరతరాలుగా నోటితోనే మోసుకొచ్చినవాళ్ళు. కోరా మగవాళ్ళ చేతుల్లోనే ఉండిపోయిందట చాలాకాలం, సోనా జొబార్తే లాంటి ఆడవాళ్ళు వచ్చాక ఆ మాట చెల్లట్లేదు.

తర్వాత జింబాబ్వే ఎంబీరా. ఇక్కడ నా తెలివి చూడండి. ఇనప రేకుల్ని బొటనవేళ్ళతో మీటుతుంటే వెనక జర్రుమని ఒకటే మోత, హెడ్‌ఫోన్ పోయిందనుకుని పిన్ను పీకి, తుడిచి, మళ్ళీ పెట్టా, అయినా అదే. ఆవిడ నవ్వి సీసా మూతలు చూపించారు, ఆ జర్రుమనడం కోసమే వాటిని వాద్యానికి కడతారట, అది లేకపోతే ఎంబీరా శబ్దం వాళ్ళ చెవికి బోసిగా ఉంటుందట. శ్రుతి శుద్ధంగా, మరక లేకుండా వినపడాలని పట్టుబట్టే నా చెవికి ఇది గట్టిగానే తగిలింది.

ఇప్పుడు తిట్లు. మూడోది ఆర్మేనియా దుదుక్, ఆప్రికాట్ కర్రతో చేసే పిల్లనగ్రోవి లాంటిది, కాకపోతే నోట్లో పెట్టుకునే వెడల్పాటి రెల్లు పీక ఉంటుంది. 2008 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న సంగీతం. దీన్ని మామూలుగా ఒక్కరే వాయించరు, ఒకరు పాట ఎత్తుకుంటే పక్కన ఇంకొకరు ఒకే స్వరాన్ని ఆపకుండా పట్టుకుంటారు, దాన్ని దామ్ అంటారు, మన తంబుర పనే అనుకోండి, బుగ్గల్లో గాలి నింపుకుని ముక్కుతో ఊపిరి తీసుకుంటూ ఊదుతారు. మరి ఆ యాప్‌లో బ్యాక్‌గ్రౌండ్ నాయిస్ తగ్గించే ఫీచర్ ఒకటుంది కదా, అది ఈ దామ్‌ని ఫ్యాన్ చప్పుడనుకుంది. రెండు సెకన్లు వినపడి మాయం! పక్కాయన బుగ్గలు బూరెల్లా ఉబ్బి కనపడుతున్నాయి, శబ్దం మాత్రం సున్నా. చాట్‌లో రాశాం, హోస్ట్ చూసుకోలేదు, సెషన్ అలాగే అయిపోయింది.

చైనా ఎర్హూ బాగుంది, రెండే తీగలు, కమాను వెంట్రుకలు ఆ రెండిటి మధ్యలో ఇరుక్కుని ఉంటాయి, వేలు కింద చెక్క అనేదే ఉండదు, గాల్లోనే తీగ నొక్కాలి. అరబ్ దేశాల తీగ వాద్యం ఊద్ సెషన్ ఫర్వాలేదు, ఆయన మాట్లాడింది ఎక్కువ, వాయించింది తక్కువ.

ఆరోది అందరూ కలిసి జామ్ చేస్తారని ఊదరగొట్టారు. ఇంటర్నెట్‌లో ఒకరి దెబ్బ ఇంకొకరికి ఆలస్యంగా చేరుతుందని నిర్వాహకులకి తెలీదా? తాళం నిలబడలేదు. పైగా ఎంబీరా రేకుల శ్రుతి వాయించకముందే ఖరారైపోతుంది, వాయిస్తూ వాయిస్తూ జరపడం కుదరదు, దుదుక్ ఆయనేమో పెదాలతోనే స్వరాన్ని వంచుతారు, ఎవరు ఎవరికి సర్దుకోవాలి? చివరికి అందరూ భయంభయంగా ఒకే స్వరం చుట్టూ తిరిగారు. ఆ గంటన్నర కోరా ఆయనకే ఇచ్చేసి ఉంటే నేను కిక్కురుమనేవాణ్ణి కాదు.

ఐదుకి మూడున్నర. దుదుక్ సంగతి సపోర్ట్‌కి మెయిల్ పెడితే వచ్చిన జవాబు: మీకు అనవసరమైన శబ్దాలు వినపడకుండా చూడటం మా ప్రత్యేకత.